కంపెనీ లుక్కు

తొమ్మిదేళ్ళ కిందట కాశీబుగ్గలో
సెకండ్ హ్యాండ్‌లో తెచ్చినప్పుడు
అది ఉత్త ఎక్సెల్ బండి.
జీడిపిక్కల బస్తాలు మోయడానికి పుట్టింది,
అంతకు మించి ఏ ఊహా లేదు దానికి.

మొదటి ఆదివారం
హ్యాండిల్‌కి వలతాడు చుట్టేను.
భావనపాడు రేవులో పారేసిన వల, పచ్చ నైలాను.
ఆఖరి ముడి లోపలికెలా దాచాలో చూపించినాయన
పేరడగడం మర్చిపోయేను.
జీడితొక్క నూనె ఎక్కిన చేతులు నావి, సబ్బుకి లొంగవు.
ఆ నూనెనే కుంచెతో వెనక చెక్కకి పూస్తే
మూడు వానాకాలాలు చెద ముట్టలేదు.

ఇంక ఆగలేదు.
వెనక లైటు చుట్టూ పగిలిన గాజులముక్కలు,
ఎర్రవి మాత్రమే, రూలు రూలే.
మడ్‌గార్డుకి లారీ ట్యూబు నాలిక.
హారన్ పాడైన రోజు బుడితి కంచుగంటొకటి కట్టేను,
హారన్ బాగయ్యేక విప్పలేదు.
గతుకొస్తే తనే మోగేది.
కొత్త రోడ్డేసిన వారం ఏమీ తోచేది కాదు.

"ఇన్ని సోకులు నాకేనాడైనా సేసేవేటి?" అనేది ఊర్వశి.
అంటూనే పాత చీర అంచు కత్తిరించి
సీటు కింద కుచ్చులు కుట్టింది,
వంకరగా.
విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ వంకరే.

ముందు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్నాను.
మా గుంట యామినికప్పుడు మూడేళ్ళు.
ముందు ఖాళీలో నిలబడి
"నానెప్పుడు తోలతాను?" అని రోజూ.
పాతసామాన్ల బండిలో దొరికింది,
చక్రాల్లేని బొమ్మకారు.
దాని స్టీరింగు ఊడదీసేను. పసుపుది, పళ్ళెమంత.
నాలుగు బోల్టులు, అడుగున సైకిలు ట్యూబు ముక్క.
ఆ రోజునుంచి మందస రోడ్డు మీద
మలుపులన్నీ అదే తిప్పింది,
నేను వెనక ఊరికే కూర్చునేవాణ్ణి.
రైల్వేగేటు దగ్గర ఒకసారి
అది ఎడమకి తిప్పితే బండి కుడికెళ్ళింది.
ఇంటికొచ్చేదాకా నాతో మాటల్లేవు.

ఎందుకమ్మాల్సొచ్చిందో ఆ కథ ఇక్కడొద్దు.

బ్రోకరు ఢిల్లేశ్వరరావు చుట్టూ తిరిగి చూసేడు.
"ఏటి బావూ, బండా, బొమ్మల కొలువా?
కంపినీ లుక్కు తెచ్చీ. మూడువేలు మీదడుగుతాను."

రాత్రి లైటేసుకుని విప్పేను.
తొమ్మిదేళ్ళ పని
రెండు గంటలు కూడా పట్టలేదు,
అదే కొంచెం అవమానంగా ఉంది.
గీకుతుంటే గాజుముక్కొకటి గోరు సందున దిగింది.
యామిని ఇప్పుడు నా భుజం దాటింది.
వచ్చి కూర్చుని పానాలందించింది, ఏమీ అనకుండా.
స్టీరింగు మాత్రం తనే విప్పింది.
నాలుగు కన్నాలు మిగిలేయి.
లప్పం పెట్టి మూసెయ్యమన్నాడు బ్రోకరు.
మర్చిపోయేనని చెప్పేను.

తెల్లారి పలాస స్టేషను స్టాండులో పెట్టి, టీ తాగొచ్చేసరికి
నా బండిని నేనే
నంబరు చూసి పోల్చుకున్నాను.

రెండు నెలలైంది.
మొన్న కూరల మార్కెట్టు బయట కనిపించింది.
అనాసపళ్ళు తెచ్చేవాడెవడో కొన్నట్టున్నాడు,
సీటంతా ఆ వాసన.
అద్దానికి ఆకుపచ్చ రిబ్బను.
ట్యాంకు మీద నెమలి స్టిక్కరు, మెడ దగ్గర ముడత.
చెయ్యింకా తిరగలేదు పాపం.
నా నాలుగు కన్నాల్లో రెండింట్లోకి
కూల్‌డ్రింకు సీసా కోసి చేసిన గాలిచక్రం
కాడ దిగ్గొట్టి ఉంది.

గాలి లేదు. వేలితో తిప్పేను.
తిరిగింది గానీ కాడ కొట్టుకుంటోంది,
బోల్టు వదులు.

పది నంబరు పానా ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.
ఇటూ అటూ చూసి
విప్పి, వాషరొకటి వేసి, మళ్ళీ బిగించి
వచ్చీసేను.