గ్రేడింగ్ బల్ల

కాశీబుగ్గ గేటు అవతల పిక్కల ఫ్యాక్టరీలో
పదకొండేళ్లుగా నా సేతులకి ఒకటే పని:
గుండు ఇటు, బద్ద అటు, ముక్క కింద డబ్బాలోకి.
సూడక్కర్నేదు. ఏళ్లకే తెలిసిపోద్ది.

మే నెల ఎండలో ఓ కుర్రోడు మా ఈదికొచ్చినాడు,
మెడలో టై, సేతినిండా రంగు కాయితాలు.
"మీ పిల్లల బడి మీరే ఎంచుకోండమ్మా,
ఎంచుకోడం మీ హక్కు" అన్నాడు.
ఓలమ్మ!
రేషన్ బియ్యం ఎంచుకోనేదు, కూలి రేటు ఎంచుకోనేదు,
నన్నొకలు ఎంచుకోమనడం అదే మొదులు.
ఆ కాయితం మడిసి బియ్యం డబ్బాలో దాసినాను.

ఇద్దర్నీ తీసుకెల్లినాను.
తలలకి నూని రాసి,
ఢిల్లేశుకి మా అప్ప కొడుకు సొక్కా తొడిగి.
సల్లటి గదిలో కూకోబెట్టి పరీచ్చ రాయించినారు.
గంటయ్యేక మేడం బయిటికొచ్చి
హారిక బుజం మీద సెయ్యేసినాది.
"ఈ పాపకి సగం ఫీజే."
గుంటడి కాయితం మాత్రం నాకే తిరిగిచ్చీసినాది:
"బాబుకి ఈ ఏడు సీట్లు లేవండి."
ఇచ్చేటప్పుడు ఆవిడ బొటనేలు సూసినాను.
తెల్లగుంది, గోరురంగుంది,
అయినా నా ఏలే అది.

సగం ఫీజుని కిలోల్లోకి మార్సి సూసుకున్నాను.
దసరా దాకా వొలవాల.
మీటింగులకి పిలిస్తే
జీడి కాల్సిన సేతులు కొంగులో సుట్టుకుని ఎల్తాను.

ఏడింటికి పసుపు బండొచ్చి గుంటని తీసుకుపోద్ది.
గుంటడు నడిసి బైరి మాస్టారి బడికెల్తాడు.
ఆయన పరీచ్చ పెట్టనేదు.
పేరు రాసుకుని, "ఏం తిన్నావురా?" అనడిగినాడు.
ఐదు తరగతులు, పదకొండు మంది, ఒక్క మాస్టారు.
మొన్న ఆయనే సెప్పినాడు:
"పిల్లలు తగ్గిపోయారమ్మా,
వచ్చే ఏడు పట్టాల అవతల బడిలో కలిపేస్తారట."
సుద్దముక్క జేబులో ఏసుకున్నాడు.
నన్నేటీ అననేదు.
అనకపోయినా లెక్క నాకు తెలుసు,
ఆ తగ్గినోల్లలో ఒకర్ని తీసింది నానే.

ఇయ్యాల బల్ల కాడ ఒక పప్పు దొరికినాది,
నడుం మీద సన్నటి పగులు.
బద్దల్లో ఎయ్యాల.
ఏళ్లు ఆగిపోనాయి.
సూపర్‌వైజరు అటు తిరిగినప్పుడు
గుండ్ల పళ్లెంలో ఏసీసినాను.

సాయంత్రం తూకంలో దొరికిపోద్ది.
తెలిసే ఏసినాను.