చిటికెనవేలు

చలిలోంచి తెచ్చిన రైఫిల్‌ని
తిన్నగా వెచ్చటి గదిలోకి తీసుకెళ్ళకూడదు.
దానికి చెమట పడుతుంది.
ఆ చెమటే తెల్లారేసరికి తుప్పవుతుంది.
అందుకని వసారాలోనే ఆపాం, సంచీ విప్పకుండా,
దూరం నించి వచ్చినవాణ్ణి గడపలో నిలబెట్టి
కాసేపు మాట్లాడించినట్టు.

మసౌత్సియాక్ తాతకి రెండో కప్పు కాఫీ అయ్యేదాకా
తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు.
లోపల రేడియోలో ఎవరో గాలి వేగాలు చదువుతున్నారు.
బయట ఒక కుక్క మొదలెట్టింది,
పదకొండూ అందుకున్నాయి.

"ఇక తియ్యి" అన్నాడు.

మూతి సముద్రంవైపు గోడకి.
వేలు ట్రిగ్గర్‌కి ఎడంగా.
మ్యాగజైన్ తీశాను. బోల్టు వెనక్కి లాగాను.
చూశాను.
"ఖాళీ" అన్నాను.
"అది నీ మాట. దాన్ని అడుగు."

చిటికెనవేలు లోపలికి దూర్చాను.
చల్లటి నోరు. పళ్ళు లేవు.
తర్వాత ఆయనా దూర్చాడు, నేను దూర్చలేదన్నట్టే.
కళ్ళకి పొర కమ్మి రెండేళ్ళయింది.
వేలికింకా కమ్మలేదు.

తూటాలు లోపలి గదిలో, తాళంలో ఉన్నాయి.
వాటిని ఈ పనికి పిలవం.

నేలమీద సీల్ తోలు పరిచి ఉంది, వెంట్రుకలు పైకి,
జారిపడిన చిన్న ముక్క దొర్లిపోకుండా.
బోల్టుని దానిమీద పడుకోబెట్టాను.
కడ్డీ చివర గుడ్డపీలిక. అమ్మమ్మ దిండుగలీబు అది,
నీలం పువ్వులది. ఆమె పోయాక
తాత దాన్ని పారెయ్యలేదు, దాచుకోలేదు,
చతురస్రాలుగా కత్తిరించాడు.

వెనక నించి ముందుకి, ఎప్పుడూ అదే దారి.
మూతిలోంచి పొడిస్తే అంచు అరుగుతుంది.
ఇక్కడ వెంట్రుకంత తేడా
మంచు అవతల మూరెడు.
మొదటి పీలిక నల్లగా వచ్చింది.
రెండోది పచ్చగా, గుండ్ల రాగి.
అయిదోదాని మీద పువ్వు పువ్వులాగే బయటికొచ్చింది.

"నూనె రాయి. రాశావా? ఇప్పుడు తుడిచెయ్యి."
"మరి రాయడమెందుకు?"
"మిగిలిన నూనె చలికి బంకవుతుంది.
లోపలి సూది నిదానంగా కదులుతుంది.
ఎలుగుబంటి నిదానంగా కదలదు."

దక్షిణపు గోడలో, భుజమెత్తున, ఒక కన్నముంది.
నా పుట్టుకకి ముందుది.
మామయ్య చిన్నప్పుడు చేసిన అల్లరి అనుకుంటూ పెరిగాను,
ఎవరూ కాదనలేదు, మామయ్య కూడా.

బోల్టు తుడుస్తూ తాత అన్నాడు,
చేపల ధర చెప్పినట్టు:
"ఆరోజు ఖాళీ అన్నది నేనే.
మూడు రాత్రులు నిద్రలేదు. నా మాట నేనే నమ్మాను.
మీ అమ్మమ్మ ఆ గోడవతల మాంసం ఆరేస్తోంది.
బకెట్టు కోసం వంగింది."

కుక్కలు ఆగిపోయాయి. నా చేతిలో పీలిక ఆగిపోయింది.

"ఏమంది?"
"ఏమీ అన్లేదు. కన్నం పూడుస్తానంటే మాత్రం
సుత్తి లాక్కుంది."

ముప్ఫై ఎనిమిది చలికాలాలు
దానిలోంచి మంచుపొడి రాలుతూనే ఉంది,
తను ఊడుస్తూనే ఉంది.

ఫిబ్రవరి కదా, సూర్యుడు తిరిగొచ్చి నాలుగు రోజులు.
మధ్యాహ్నం ఓ పావుగంట కొండభుజం మీద కూర్చుంటాడు.
ఆ పావుగంటలో కన్నంలోంచి ఒక వెలుగుపుల్ల
వసారాకి అడ్డంగా సాగి
సముద్రంవైపు గోడమీద గుండీ అంత పడుతుంది.
దానికి గురిపెట్టి, బోల్టు లేని గొట్టంలోకి
వెనక నించి చూశాను.
మెలితిరిగిన గాళ్ళు, ఒకదాన్నొకటి తరుముతూ,
చివర్న చిన్న తెల్లటి గుండ్రం.

"ఏం కనిపిస్తోంది?"

చాలా చెప్పొచ్చనిపించింది.
"మూతి దగ్గర ఒక వెంట్రుక అంటుకుంది" అన్నాను.

తాత ఇంకో నీలం పువ్వు అందించాడు.