చుక్క

ఉయుని ఉప్పు మైదానం. కరెంటు పోయిన రాత్రి.
త్రాసు మీద జ్వరంతో లింబెర్:
ఆరువేల నాలుగొందల గ్రాములు.
"అన్ని వేలా!" అని వాళ్ల అవ్వ ముక్కున వేలేసుకుంది.
చుక్కని మూడు గళ్లు వెనక్కి జరిపాను,
ఆరు, చుక్క, నాలుగు. కిలోలు.
పిల్లాడు అంతే ఉన్నాడు.

కిలోకి పదిహేను మిల్లీగ్రాములు,
సీసాలో మిల్లీలీటరుకి ఇరవైనాలుగు.
కాగితం మీద నా చేత నలభై అని పడింది.
సతుర్నీన టార్చి దించలేదు, కసరలేదు,
"మళ్లీ చెయ్యి" అంది.

నాలుగు.

అప్పుడు కనిపించింది, కొట్టేసిన సున్నా
ఎంత నోరు తెరుచుకుని ఉందో.

సిరంజి చివర ఒక చుక్క వేలాడింది.
కిటికీ నిండా ఇంకా బోలెడు.
లింబెర్ చప్పరించి, మొహం చిట్లించి,
కొంచెం నా చేతి మీదే ఉమ్మేశాడు.
అది ఏ కొలతలో రాయాలో
నేను అడగలేదు.