వంటింటి కేలండరు

స్వీట్లు తిన్నావా అని అడిగారు
పెద్దాసుపత్రి ఓపీలో,
తలెత్తకుండానే.

లేదు సార్.
అవే రెండు చపాతీలు, అదే ఆనపకాయ కూర,
అదే సూది, బొడ్డుకి అటోసారి ఇటోసారి.
అయినా పొద్దున్నే మూడొందల పది.
ఆ అంకె రాయడానికి సిగ్గేసి
ఒకసారి పుస్తకంలో
నూట అరవై అని రాశాను.

పదకొండో ఏట వచ్చిందీ జబ్బు.
దాని వెనకే ఏడాదిన్నరకి నెలసరి.
ఒకే ఇంట్లో అద్దెకున్న ఆ ఇద్దరూ
మాట్లాడుకుంటారని
నాకెవరూ చెప్పలేదు.

చెప్పింది అమ్మ పెట్టిన చుక్క.
కంచరపాలెంలో మా వంటింటి గోడకి
గ్యాసు కంపెనీ కేలండరు.
నేను బయట చేరినప్పుడల్లా
ఎర్ర స్కెచ్చుపెన్నుతో ఒక చుక్క.
దీపం ఎవరు పెట్టాలి,
సింహాచలం కొండ ఎప్పుడెక్కాలి,
ఆ లెక్క కోసం.

ఒక సెలవునాడు, పప్పుడికేలోగా,
నా సుగరు పుస్తకం తెచ్చి దాని పక్కన పట్టుకున్నాను.
చుక్కకి ఐదు రోజుల ముందు నుంచి
అంకెలు మెట్లెక్కుతున్నాయి.
చుక్కనాడు దబ్బున జారుతున్నాయి.
మే. జూన్. జూలై.
ఆగస్టు కలవలేదు, అప్పుడు జ్వరం.
సెప్టెంబరు మళ్లీ అంతే.
కుక్కరు ఆరో కూత కూసింది.
నేను కదల్లేదు.

మద్దిలపాలెం సంగతి అప్పుడు తెలిసొచ్చింది.
మూడొందలకి భయపడి
సూదిలో నాలుగు గీతలు పెంచుకున్న వారం అది.
చుక్కనాడు కూడా అంతే పొడుచుకుని
డ్యూటీకెక్కాను.
టిక్కెట్ల మిషను చేతిలో బండయింది.
యాభైకి చిల్లరెంతో తేలలేదు.
కిటికీలో హనుమంతవాక రెండుగా కనిపించింది.
"తాగొచ్చిందేటి?" అన్నాడొకడు.
కాళ్లకాడ చేపల గంపతో కూర్చున్న ముసలామె
కొంగుముడి విప్పి
అనకాపల్లి బెల్లం ముక్క నా నోట్లో తోసింది.
"సుగరు పడిపోనాది పిల్లకి. బండాపండ్రా!"
ఆమెకెలా తెలుసో.
నేనడిగేలోగా మధురవాడలో దిగిపోయింది,
టిక్కెట్టు కొట్టించుకోకుండానే.

ఈసారి కేలండరు చుట్టచుట్టి ఓపీకి పట్టుకెళ్లాను.
ఆయన సెలవు. కుర్ర డాక్టరమ్మ ఉంది.
చుక్క మీద వేలు పెట్టి, వెనక్కి అయిదు గళ్లు లెక్కపెట్టి,
"చాలామందికి ఇలాగే. అందరికీ కాదు. నీది నువ్వే పట్టావు" అంది.
ముందు వారానికి ఒక డోసు,
చుక్కనాటి నుంచి ఒకటి,
రెండూ వేరువేరుగా రాసిచ్చింది.

ఇప్పుడు చుక్కకి ముందు
నా పెన్సిలు గీత ఉంటుంది.
"ఇదేంటే పైడిరత్నం?" అంది అమ్మ.
చెప్పాను.
ఏమీ అనలేదు. పొయ్యి తుడుచుకుంది.

మర్నాడు డ్యూటీ సంచిలో
టిఫిను గిన్నె పక్కన బెల్లం పొట్లం.
చుట్టిన కాగితం చూశాను:
ఆగస్టు.