బెల్టు విప్పండి

సముద్రం గడ్డకట్టిన ఏడు
నాకు ఉద్యోగం ఉంటుంది.
కట్టని ఏడు ఉండదు.
ఈ మధ్య ఉండని ఏళ్ళే ఎక్కువ.

హీయుమా దీవి ఒడ్డున, మంచు దారి మొదట్లో
ఒక కర్ర గేటు, ఒక పొయ్యి, ఒక నేను.
ఆగిన ప్రతి కారు అద్దం మీద వేలితో తట్టి
మూడే ముక్కలు చెబుతాను:
ముందు బండికి దూరంగా పొండి,
మధ్యలో ఆగకండి,
బెల్టు విప్పండి.

కొత్తవాళ్ళు నవ్వుతారు, నేను నోరు జారాననుకుని.
అవునండీ, విప్పమనే అంటున్నాను.
మంచు పగిలితే తలుపు తోసుకుని దూకడానికి
దొరికేది నాలుగు ఊపిర్లు.
ఇదీ చట్టమే. అదే సర్కారు, అదే ముద్ర.
నేల మీద కట్టుకోకపోతే తప్పు,
నీళ్ళ మీద కట్టుకుంటే తప్పు.

హెల్దుర్ మాత్రం నవ్వడు.
డెబ్భై ఆరేళ్ళు. వలలు బాగుచేస్తాడు.
ఆయన నీలం వ్యానులో బెల్టు
ఇరవై ఏళ్ళుగా సీటు వెనక ముడివేసి ఉంటుంది.
"సోవియట్ల కాలంలో ఈ ఒడ్డుకి ముళ్ళకంచె.
పడవ దింపాలంటే కాగితం చూపించాలి.
వాళ్ళు పోయారని తాగి పాడుకున్నాం.
పోతూ పోతూ ఈ పట్టీ ఒకటి నా ఒళ్ళో పడేసి పోయారా?
నా ఎముకలు. విరిగితే నావే కదా విరిగేది?"

జవాబు చెప్పను. స్కార్ఫ్ సర్దుకుంటాను.
దాని కింద, కుడి భుజం దగ్గర
వంకరగా అతుక్కున్న ఎముక.

కైనా మలుపు, అక్టోబరు, తడి ఆకులు.
నడిపింది మా తమ్ముడు తైవో.
కారు కూత పెడుతుందని
బెల్టుని వీపు వెనక నుంచి బిగించి
దాని నోరు మూయించాడు.
"రెండు కిలోమీటర్లే కదా అక్కా."
చేయి చాస్తే అందేంత దూరం.
చాచలేదు.
పెద్దవాడు, వాడి ఇష్టం అనుకున్నాను.

ఎముకలు వాడివే, హెల్దుర్. నిజమే.
ఏరింది మాత్రం రైగో అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు.
ఇవాళ్టికీ ఆ మలుపు తప్పించి
అడవి చుట్టూ తిరిగి పనికి పోతాడు.
రోజుకి పదకొండు కిలోమీటర్లు ఎక్కువ.
ఆ పదకొండూ ఎవరి ఖాతాలో రాయాలి?

అడగాలనుకుంటాను. అడగను.
చిన్నప్పుడు ఆ కంచె ఇవతల నిలబడి
నేనూ చూశాను సముద్రాన్ని,
కాలు తడవకుండా.

ఈ ఫిబ్రవరిలో ఒక పొద్దున
నీలం వ్యాను వచ్చి ఆగింది.
అద్దం దించాడు. చేప నూనె, పొగాకు వాసన.
ముడి విప్పి, దుమ్ము దులిపి,
ఛాతీ మీదుగా నిండుగా కట్టుకున్నాడు బెల్టు.
"నేల మీద కట్టుకోమన్నారు, విప్పాను.
ఇక్కడ విప్పమంటున్నారు, కట్టాను.
జరిమానా రాసుకో."

వెనక మూడు కార్లు. ఎవరో హారన్ కొట్టారు.
కిటికీలోంచి నడుము దాకా లోపలికి వంగి
ఆయన పొట్ట మీదుగా చేయి చాచి
ఎర్ర మీట నొక్కాను.
పట్టీ సర్రున జారి పోయింది.
నా చేతివైపు చూశాడు. వణుకుతోంది.
ఏమీ అనలేదు. గేరు వేశాడు.
వ్యాను కింద మంచు ఒక్కసారి మూలిగి ఊరుకుంది.

సాయంత్రం దారి మూసే వేళ
అటు నుంచి వచ్చే బళ్ళు ఒడ్డెక్కుతుంటే
రేడియో కట్టేస్తాను.
చలిగాలిలో చిన్న శబ్దం కూడా దూరం వినబడుతుంది:
క్లిక్. కాసేపాగి, క్లిక్.
పిల్లలున్న కారైతే వరసగా నాలుగు.

ఆఖరున నీలం వ్యాను.
నన్ను దాటింది. ఏమీ వినబడలేదు.
జూనిపర్ పొదల దగ్గర
బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి.
అలాగే కాసేపు నిలబడింది బండి.
పైపు వెలిగించుకుంటున్నాడేమో.

నేను గేటు దించడానికి వెళ్ళాను.