మూడో నంబరుకు

నాలుగు, అయిదు ఇప్పుడు ఒక్కటే.
నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు,
నడుమ నా తుంటి నుంచే గీకి తీసిన పిడికెడు ఎముక.
హన్మకొండ డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి
"మంచిగ అతుక్కున్నది" అన్నడు.
తర్వాత వేలు రవ్వంత పైకి జరిపిండు,
నీ మీద ఆపిండు.
"ఇగ దీన్ని కాపాడుకోవాలె."

అప్పటిదాక నువ్వున్నవన్న సంగతే నాకు తెల్వది.
నొప్పి పెట్టనిదాని పేరు ఎవరికి యాదికుంటది?

నాకు సమజయ్యేటట్టు చెప్పనీకి ఆయన తిప్పలు పడ్డడు.
నేనే అన్న:
సారూ, ముప్పై ఏండ్లు కాజీపేట యార్డుల పాయింట్స్‌మన్‌ను.
రెండు వ్యాగన్లను సందు లేకుంట వెల్డింగు చేస్తే
ఇంజను గుంజిన జెర్కు ఏడికి పోతది?
పక్క కప్లింగుకు.
ఆయన నవ్విండు. నేను నవ్వలే.
తెగిన కప్లింగులను ఈ చేతులతోనే మోసిన.

మా జట్టుల కొంరెల్లి అని ఉండె.
ఓ వానకాలం కుడి మణికట్టు విరిగింది.
సెలవు పెడితే పైసలు కట్.
పట్టీ మీద చొక్కా చెయ్యి దించుకొని డ్యూటీకొచ్చిండు.
జెండ ఊపేది ఆయన, వంగేది నేను.
కప్లింగు దాక నడిచేది ఇద్దరం,
ఎత్తేది నేను.
మూడు నెలలు.
ఆయన అడగలే, నేను చెప్పలే.
ఒకనాడు సర్వపిండి తెచ్చి
నా డబ్బల పెట్టి పోయిండు, గంతే.
నా నడుముల మొదటి చిటుక్కు
ఆ వానకాలందే.

కోపంతోని చెప్తలేను.
అవసరమొస్తే మల్ల చేస్త.
కాని పక్కోడు ఎట్ల అరుగుతడో నాకెరుకే:
చప్పుడు చెయ్యకుంట,
తన పని తాను చేసుకుంటనే.

అందుకే, మూడో నంబరూ,
ఆ వానకాలం నీకు రానియ్య.

ఫిజియో పిల్ల తబస్సుం నా వీపుకు కర్ర ఆనిచ్చి
తల, వీపు, పిర్ర, మూడు జాగలూ దానికి తగలాలె అంటది.
"వెన్నుతోని కాదు తాతా, తుంటితోని వంగు."
ఇంట్ల అట్ల వంగితే రాజేశ్వరి నవ్వుతది,
బియ్యం సంచికి దండం పెడుతున్నవా అని.
పెట్టనీ.
బకెట్టు సగమే నింపుత.
సబ్బు జారితే ముందు ఒక మోకాలు నేలకు.
బీడీ బందైంది, పదకొండు నెలలు
(రెండు నాడు తప్పిన, అబద్ధమెందుకు).
పొద్దుగాల వడ్డేపల్లి కట్ట మీద నడుస్త,
పొట్టను కొంచెం లోపలికి గుంజి పట్టి,
నీకు ముందు నుంచి ఎవరో ఒకరు ఆసరా ఉండాలె గద.

గ్యారంటీ అడిగిన డాక్టరును.
కొంత వయసు, కొంత పుట్టుక, కొంత నీ చేతుల, అన్నడు.
చేతులంటే నాకు నమ్మకమే.

రాత్రి రెండున్నరకు గూడ్సు కదులుతది.
ఇంటి దాక వినొస్తది ఆ దడదడ:
మొదటి వ్యాగను నుంచి చివరిదాక,
ఒక్కో కప్లింగూ ఇంతింత తీసుకొని
మిగిలింది పక్కదానికి ఇచ్చుకుంట.
పండుకునే లెక్కపెడుత. యాభై ఎనిమిది.
ఒక్కటి కూడ తప్పుకోలే.

ఇగ పక్కకు మర్రాలె.
మోకాళ్ల నడుమ దిండు పెట్టుకున్న.
భుజం, నడుము, కాలు
మొద్దు లెక్క అన్నీ ఒక్కసారే.
నువ్వు పండుకో, నిన్ను మెలిపెట్ట.