జీడిగుర్తు

దొర పేరు నా నోట ఇమడదు.
ముస్సే ద వల్మరో ఏటో.
సికాకోలు రేవులో మావు వలమర దొర అనేసినాం.
మడిసిని నాను సూసింది తక్కువ.
ఆడి సొక్కాల్నే సూసినాను మూడేళ్లు,
మంగళవారం మంగళవారం.

సొక్కా అబద్దమాడదు.
ఎడమ సంక కింద గుడ్డ ఎక్కువెట్టి కుట్టినారు.
అక్కడ ఎముక వంకరగా అతుక్కున్నాది.
పదారేళ్లప్పుడు, గడ్డకట్టిన ఏటి మీద,
గుర్రంతో పాటు పడిపోయినాడంట.
"ఏరు గడ్డకడతాదా బాబూ?" అన్నాను.
"కడతాదంట అసిరీ" అని
దుబాసీ కూర్మానాయకులు నవ్వినాడు.
నాగావళి నా పిక్కల్ని రాసుకుంటా పారతంది.
నాను నమ్మనేదు.

ఇంట్లో మూడో కొడుకంట.
పెద్దోడికి భూమి, రెండోడికి గుడి,
ఈడికి తాత కత్తి, ఓ గువ్వ.
గువ్వంటే, రొమ్ము కాడ జరీతో కుట్టిన ముద్ర.
కాలిగోళ్లలో కత్తి పట్టుకున్న గువ్వ.
ఆళ్ల రాజు ఇచ్చినాడంట, ఏడు తరాల కింద.
అది సెడకుండా ఉతకమని తాకీదు.
బండకేసి కొట్టలేక సేత్తో నలిపేదాన్ని.
మెడపట్టీ లోపల మాత్రం
నల్లజీడి రసంతో నా గుర్తు నాను పెట్టుకున్నాను.
రెండు సుక్కలు, ఒక అడ్డగీత.

మొదట్లో మందుగుండు వాసనొచ్చేవి.
తరవాత తరవాత సిరా.
కుడి ముంజేతి కాడ నల్లగా,
ఒకోపాలి తాంబూలం ఎరుపు.
ఏ జమీందారు సావిట్లో
తల ఊపతా నవులుతా కూకున్నాడో.
రెండు కోటల మద్దిన కాలవ తగువు.
గుర్రమెక్కి అటూ ఇటూ తిరిగినాడు.
ఏసంగంతా సెమటుప్పు, సిరా, సెమటుప్పు.

మెట్టవలస కోటకి కాయితం రాసిచ్చినాడు.
తలుపు తీయండి,
మీ ఆడోళ్ల జోలికి ఎవుడూ రాడు,
ఇది నా మాట అని, కింద గువ్వ.
తలుపు తీసినారు.
నాలుగోనాటి రాత్రి ఆ దిక్కు
ఇటుకబట్టీలా ఎర్రగున్నాది.
ఫిరంగులు ఆయన మాట అడగనేదు.

ఆ మంగళవారం ఒక్క సొక్కాయే వచ్చింది.
నెత్తురు నేదు, మసి నేదు.
కుడి సేతి అంచు మాత్రం
పళ్లతో కొరికి కొరికి పీలికలైపోనాది.
సవుడేసి ఉబ్బ పెట్టినాను,
ఏటి పోవాలో తెలీకుండానే.

తరవాతి యుద్దం సముద్రం వైపు.
ఎవుడూ పొమ్మనకండానే
ముందుకెళ్లి నిలబడ్డాడన్నారు.
బండి మీద తొమ్మండుగుర్ని తెచ్చినారు.
మొకాలు నేవు.
దోసుకున్నోళ్లు జరీ కోసం
గువ్వని కోసుకుపోనారు.
నాయకులు నాకు కబురెట్టినాడు.
ఒక్కో మెడపట్టీ తిరగేసినాను.
ఆరోది.
రెండు సుక్కలు, ఒక అడ్డగీత.

"ఈయనే" అన్నాను.
టోపీలు తీసినారు. బాకా ఊదినారు.
మూడు నెలల ఉతుకుడు కూలి బాకీ,
అప్పుడెవుడ్ని అడగను?
గోతిలో దించకముందు
సొక్కా ఇప్పి ఇమ్మన్నాను,
ఒక్క గడియలో జాడించి తెస్తానని.
మురికి గుడ్డతో ఎవుణ్ని మాత్రం పంపుతాం?
నాయకులు దొరల్నడిగినాడు.
ఒద్దన్నారంట.